ఓడ దిగాక బస్సు ఎక్కకండి

విహార నౌక ఆగిన ఊళ్ళో టూరు బస్సు ఎక్కవద్దు. రేవుకు ఊరు నడిచి చేరగలిగినంత దగ్గరలో ఉంటే, కాళ్ళు ఏ కొంచెం సహకరించినా సరే, నడవండి. చూసేవి తగ్గుతాయి. తగ్గితే తగ్గనివ్వండి.

ఈ సలహా ఇస్తున్నది కొండలెక్కే మనిషేమీ కాదు. పొద్దున పూట వి.ఆర్.సి. మైదానంలో కాసేపు తిరిగి, ఆ తరువాత మోకాలితో బేరానికి దిగే నెల్లూరు ఆడమనిషిని. మా వీధిలో పిల్లలు అమెరికాలో లేని ఇల్లు వెతుక్కోవాలి. ఒకప్పుడు తల్లిదండ్రులు వెళితే నయాగరా చూపించి, న్యూజెర్సీ గుడికి తీసుకువెళ్ళి పంపేవారు. ఇప్పుడు ఆ జాబితాలో ఓడ ప్రయాణం కూడా చేరింది. ఫ్లోరిడాలో ఎక్కితే కరీబియన్ దీవులు తిప్పి మళ్ళీ అక్కడే దించుతారు. అటు వెళ్ళివచ్చినవాళ్ళూ, చెన్నైలో ఎక్కి శ్రీలంక దాకా వెళ్ళివచ్చినవాళ్ళూ ఈ మధ్య మా చుట్టుపక్కల బాగానే కనిపిస్తున్నారు. ఓడ లోపలి సంగతులు అడగండి, గంటసేపు చెబుతారు. ఎన్ని అంతస్తులు, భోజనంలో ఏమేమి పెట్టారు, రాత్రి ఏ ఆటపాటలు జరిగాయి, అన్నీ గుర్తే. ఓడ ఆగిన ఊళ్ళ గురించి అడిగితే మాత్రం ఫోను తీసి ఫొటోలు వెతుకుతారు.

దానికి కారణం మతిమరుపు కాదు, బస్సు.

టికెట్టు కొన్న మర్నాటి నుంచే ఓడ కంపెనీ వాళ్ళు ఊరూరికీ టూర్ల పట్టిక చూపించడం మొదలుపెడతారు. ఒక్కో మనిషికి వాళ్ళు అడిగే డబ్బు చూస్తే నెల్లూరు నుంచి తిరుపతికి కుటుంబమంతా కారులో వెళ్ళి రావచ్చు. పిల్లలేమో అమ్మానాన్నలకు కష్టం కలగకూడదని అది కొనేస్తారు. "అత్తయ్యా, మీరు ఎండలో తిరగలేరు, ఏసీ బస్సు ఉంటుంది" అన్నాడు మా అల్లుడు. ఎండ సంగతి నెల్లూరులో మే నెలలు గడిపినవాళ్ళకు చెబుతున్నాడు పాపం. ప్రేమతో అన్న మాటే కాబట్టి కోపం రాలేదు. టూరు మాత్రం వద్దన్నాను.

లెక్క చూద్దాం. కాగితం మీద ఓడ ఉదయం 8కి చేరి సాయంత్రం 5కి బయలుదేరుతుందని ఉంటుంది. తొమ్మిది గంటలు కదా అనుకుంటాం. ఓడ కట్టి, అక్కడి అధికారులు అనుమతించి, తలుపు తెరిచేసరికి కొంత పోతుంది. లిఫ్టుల దగ్గర వరుసలో కొంత పోతుంది. సాయంత్రం బయలుదేరే వేళకు కనీసం అరగంట ముందు అందరూ లోపల ఉండాలి. నికరంగా చేతికి వచ్చేది ఏడు గంటలు. అందులో టూరు కొన్నవాళ్ళను మొదట ఓడలోని థియేటర్లో కూర్చోబెడతారు. చొక్కాకు నంబరు స్టిక్కరు అంటిస్తారు. నంబరు పిలిస్తే వరుసలో దిగాలి, బస్సు నిండే దాకా ఆగాలి. బస్సు కదిలాక అందరిలాగే అదీ ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది. చూడవలసిన చోట ఇరవై నిమిషాలు ఇస్తారు. ఆ ఇరవైలో సగం బాత్రూము దగ్గర అయిపోతుంది. ఆ పైన బస్సును తప్పకుండా ఒక నగల దుకాణం ముందు ఆపుతారు. అక్కడ మాత్రం తొందరపెట్టరు.

మనకిది కొత్తేమీ కాదు. కార్తీకమాసంలో ఒక్క రోజులో పంచారామాలు చూపించే బస్సులు ఎక్కినవాళ్ళమే. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. రాత్రి ఇంటికి వచ్చాక ద్రాక్షారామం గుడి ఎలా ఉందని ఎవరైనా అడిగితే క్యూ ఎంత పొడుగుందో చెబుతాం. ఆ యాత్రను తప్పుపట్టను. ఐదు శివలింగాలనూ ఒకే రోజు దర్శించాలన్నది అక్కడి సంకల్పం, బస్సు దానికి సాధనం. తెలియని ఊరికి వెళ్ళేటప్పుడు అలాంటి సంకల్పమేమీ ఉండదు. ఊరిని చూడాలన్నదొక్కటే కోరిక. మరి ఆ పద్ధతిని ఇక్కడికీ ఎందుకు మోసుకుపోతామో నాకు అర్థం కాదు.

నడవమని నేను చెప్పడానికి ఆరోగ్యం కారణం కాదు, పొదుపూ కాదు. పాత రేవు పట్టణాలు కట్టిందే నడిచేవాళ్ళ కోసం. తెరచాప ఓడల కాలంలో సరుకు మనిషి వీపు మీదో, బండి మీదో ఒడ్డుకు వచ్చేది. అందుకని గిడ్డంగి ఒడ్డునే ఉండాలి. సుంకం వసూలు చేసే కచేరీ గిడ్డంగి పక్కన ఉండాలి. వర్తకుడి ఇల్లు కచేరీకి దగ్గరలో ఉండాలి. దొంగ ఓడలు వస్తే కాపాడే కోట వీటన్నిటినీ చూస్తూ ఉండాలి. నెలల తరబడి నీళ్ళ మీద గడిపి వచ్చిన నావికుడికి భోజనం, మందు, ప్రార్థన అన్నీ నాలుగడుగుల్లో దొరకాలి. ఇప్పటికీ ఆ ఊళ్ళలో రేవు నుంచి ఒక చుట్టు చుట్టి వస్తే ఊరి చరిత్రంతా దారిలోనే తగులుతుంది. అంత అనుకూలంగా కట్టిన ఊళ్ళో దిగి, దాన్ని అద్దాల వెనక నుంచి దాటేసి, ఇరవై మైళ్ళ అవతలున్న చిలకల పార్కుకు వెళ్ళడం ఏమి విడ్డూరమో!

కరీబియన్ దీవి పోర్టోరికోలోని పాత శాన్ హువాన్‌ను చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. అది ఒక చిన్న దీవి మీద కట్టిన ఊరు. స్పెయిన్ వాళ్ళు 1521లో అక్కడికి చేరారు. ఓడ దిగితే ఎదురుగా రోడ్డు, రోడ్డు దాటితే ఊరే. (ఒక హెచ్చరిక: కొన్ని ఓడలను కాలువకు అవతల ఉన్న పాన్ అమెరికన్ రేవులో కడతారు. అక్కడి నుంచి నడక కుదరదు, టాక్సీ తీసుకోవాలి. ఏ రేవో ముందే తెలుసుకోండి.) దిగినవాళ్ళలో ఎక్కువమంది నేరుగా కొండ ఎక్కి దుకాణాల వీధిలోకి పోతారు. నా మాట విని ఎడమవైపు తిరగండి. ప్రిన్సేసా అనే విశాలమైన చెట్ల బాట ఉంటుంది. దాని మీద నడుస్తూ పోతే ఒక పక్క సముద్రం, మరో పక్క ఆకాశానికి లేచిన కోటగోడ. కొసన గోడలో ఎర్ర రంగు వేసిన పెద్ద తలుపు కనిపిస్తుంది. ఊరి చుట్టూ గోడ కట్టినప్పుడు, 1630ల్లో పెట్టిన ద్వారం అది. పెద్ద పెద్ద అధికారులు ఓడ దిగి ఊళ్ళోకి వచ్చింది ఈ ద్వారం గుండానే. లోపలికి అడుగుపెట్టగానే ఒక చిన్న వీధి తిన్నగా పైకి, పెద్ద చర్చి గుమ్మం దాకా తీసుకుపోతుంది. సముద్రం మీద ప్రాణాలతో బయటపడి వచ్చినవాడు ముందు దేవుడికి దండం పెట్టుకోవాలి కదా, ఆ తరువాతే ఎవరినైనా కలవడం. వీధిని అలా వేశారు. చెట్ల నీడలో ఆ ఎత్తు ఎక్కుతుంటే, దిగిన మనిషికి ఏది ముందు కావాలో ఆలోచించి ఊరు కట్టారని తెలుస్తుంది. బస్సులో వచ్చినవాళ్ళకు ఇది దొరకదు. ఆ సందులోకి బస్సు పట్టదు.

వీధుల్లో పరిచిన రాళ్ళు నీలంగా ఉంటాయి. అవి నిజానికి రాళ్ళు కావు, ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం పోతపోసిన ఇటుకలు. ఖాళీ ఓడలు తూలిపోకుండా అడుగున బరువు కోసం వేసుకొచ్చినవని చెబుతారు. వాన పడితే వాటి మీద జారుడు ఎక్కువ. చెప్పులు మంచివి వేసుకోవాలి. మావారు దుకాణాల వైపు నడుస్తూ పైకి చూస్తుంటే నేను మాత్రం నేల చూస్తూ నడిచాను. సగం భయంతో, సగం ఆ రంగు కోసం.

ఊరికి వాయవ్యంగా, సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొనమీద ఎల్ మోర్రో కోట. 1539లో మొదలుపెట్టి, ఆ తరువాత రెండున్నర శతాబ్దాల పాటు పెంచుతూ పోయారు. 1595లో ఇంగ్లండు నుంచి ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చి దెబ్బతిని వెళ్ళాడు. మూడేళ్ళకు మరో ఆంగ్లేయ ప్రభువు పట్టుకున్నాడు, కానీ రోగాలు తరిమేశాయి. 1625లో డచ్చివాళ్ళు ఊరిని తగలబెట్టారే గానీ కోట మాత్రం లొంగలేదు. అటు తూర్పున, భూమి మీదుగా వచ్చే శత్రువు కోసం శాన్ క్రిస్టోబాల్ అనే మరో కోట కట్టారు. అమెరికా ఖండాల్లో స్పెయిన్ కట్టిన కోటల్లో అదే అతి పెద్దది. నేను వెళ్ళినప్పుడు పది డాలర్ల టికెట్టు రెండు కోటలకూ చెల్లింది. పిల్లలకు టికెట్టు లేదు. రెండూ చూడమని నేను చెప్పను. ఒకటి చూసి, రెండో దాని బదులు ఎల్ మోర్రో ముందున్న పచ్చిక మైదానంలో కూర్చోండి. ఫిరంగులకు అడ్డు లేకుండా ఖాళీగా ఉంచిన ఆ స్థలంలో ఇప్పుడు ఊరి పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. సముద్రపు గాలి ఆగకుండా వీస్తుంది. మా మనవడు ఓడ ఎక్కిన దగ్గరి నుంచీ తెర మీద నుంచి కళ్ళు ఎత్తనివాడు, అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లవాడి దారపుండ పట్టుకుని పరుగెత్తాడు. స్పానిష్ ఇద్దరిలో ఒకడికే వచ్చు. టూరు పట్టికలో ఇలాంటివి అమ్మరు.

గొడుగు గురించి చెప్పాలి. నల్ల గొడుగు వేసుకుని కోట చుట్టూ తిరుగుతుంటే మా అమ్మాయికి మొదట సిగ్గేసింది. "అమ్మా, ఇక్కడ ఎండకు ఎవరూ గొడుగు వేసుకోరు" అంది. మధ్యాహ్నానికి అందరి ముఖాలూ ఎర్రబడ్డాయి, గొడుగు కిందకు తనూ వచ్చింది. ఉష్ణదేశపు రేవుల్లో నడవడానికి మనకున్న శిక్షణ తెల్లవాళ్ళకు లేదు. ఏ వేళ వీధికి ఏ పక్క నీడ ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కరలేదు. పదకొండు నుంచి రెండు దాకా ఎక్కడో చల్లగా కూర్చోవాలని, నీళ్ళు దాహం వేయకముందే తాగాలని చిన్నప్పటి నుంచీ ఒంటికి తెలుసు. ఎండకు భయపడి బస్సెక్కడం మన జిల్లావాళ్ళకు తగదు.

సెయింట్ థామస్ దీవిలోని షార్లట్ అమలీ అనే ఊరి సంగతి వేరు. ఓడలు ఆగే హావెన్‌సైట్ రేవు నుంచి పాత ఊరికి ఒడ్డు వెంబడి రెండు కిలోమీటర్ల పైచిలుకు నడక. పడవలు, గాలి, ఒంపు తిరిగిన తీరం. పోయేటప్పుడు బాగుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎండ ముదురుతుంది. అందుకని వెళ్ళేది నడిచి, వచ్చేది సఫారీ టాక్సీలో. లారీకి వెనక బల్లలు బిగించి పైన రేకు వేసినట్టుండే ఆ బండి అచ్చం మన షేర్ ఆటోకు పెద్దన్న. ఆ ఊరిని డెన్మార్కు వాళ్ళు కట్టారు, 1917లో అమెరికాకు రెండున్నర కోట్ల డాలర్లకు అమ్మేశారు. ఎక్కడో కోపెన్‌హాగన్‌లో కూర్చుని, కొండలున్నాయని తెలియక తిన్నని వీధులు గీశారని, గీసినచోట కొండ అడ్డం వస్తే మెట్లు కట్టారని చెబుతారు. నిజమో కాదో గానీ వీధులకు బదులు మెట్లున్న మాట నిజం. వాటిలో ఒకదాని పేరు తొంభై తొమ్మిది మెట్లు. ఉన్నవి 103. లెక్కపెట్టింది నేను కాదు, మా మనవడు. నేను కింద కూర్చున్నాను.

ఈ దీవుల్లో నడిచేవాళ్ళకు ఒక చిక్కుంది. జెండా అమెరికాదే అయినా సెయింట్ థామస్‌లో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. బహామాస్‌లోనూ అంతే, అది ఇంగ్లీషువాళ్ళు ఏలిన చోటు. అమెరికాలో పెరిగినవాళ్ళు అలవాటు కొద్దీ అటు చూసి ఇటు దాటబోతారు. మనకు చిన్నప్పటి నుంచీ కుడివైపు నుంచి వచ్చే బండిని చూసే అలవాటే. నెల్లూరు ట్రంకురోడ్డు దాటినవాళ్ళకు ఏ దీవిలోనూ లోటు రాదు. అల్లుడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది నేనే.

ఇక బహామాస్ రాజధాని నాసౌ. నిజం చెప్పాలంటే మొదటి అరగంట ఎవరికైనా చిరాకే. అయిదారు ఓడలు ఒకేసారి కట్టగల రేవు అది. వేలమంది ఒక్కసారిగా దిగుతారు. గేటు దాటగానే టాక్సీ కావాలా, జడలు అల్లాలా, పడవ కావాలా అని చుట్టుముడతారు. చిరునవ్వుతో తల అడ్డంగా ఊపుతూ ఆగకుండా నడవడం ఒక్కటే మార్గం. తిరుమల బస్టాండు చూసినవాళ్ళకు చేతనవుతుంది. బే స్ట్రీట్ దాటి రెండు వీధులు లోపలికి పోతే ఆ గోల పోయి మామూలు ఊరు వస్తుంది. బడిపిల్లలు, ఆసుపత్రి, కోర్టు పని మీద వచ్చిన జనం. అక్కడి నుంచి కొంచెం ఎత్తు ఎక్కితే రాతిలో తొలిచిన లోతైన సందు, దాని కొసన క్వీన్స్ స్టెయిర్‌కేస్ అనే మెట్లదారి. కొండ మీది ఫిన్‌కాజిల్ కోటకు దారిగా 1793, 94 ప్రాంతాల్లో బానిసల చేత సున్నపురాయిని చేతి పనిముట్లతో తొలిపించారు. మెట్లు 66. అడుగు మెట్టు బాట కింద కప్పబడిపోయి 65 కనిపిస్తాయి. తరువాతెప్పుడో విక్టోరియా రాణి పేరు పెట్టారు. చెమట ఒకరిది, పేరు మరొకరికి. బస్సులో వచ్చినవాళ్ళను సాధారణంగా పైన కోట దగ్గరే దించుతారు. వాళ్ళు మెట్ల తల నుంచి కిందకు తొంగి చూసి, ఫొటో తీసుకుని వెళతారు. కింద నుంచి ఎక్కినవాళ్ళకు ఒక్కో మెట్టుకూ అది రాయి అని, దాన్ని ఎవరో కొట్టారని మోకాలు చెబుతూనే ఉంటుంది.

ఇంత గట్టిగా వాదిస్తున్నాను కాబట్టి ఎదుటివాళ్ళ పక్షాన ఉన్న న్యాయం కూడా ఒప్పుకోవాలి. ఓడ వాళ్ళ టూరు కొంటే ఒక హామీ ఉంటుంది. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మనంతట మనం పోయి ఆలస్యమైతే ఆగదు, తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరాలి. గుండె జబ్బున్నవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు బస్సెక్కాలి, ఇందులో వాదనే లేదు. రేవుకూ ఊరికీ సంబంధమే లేని చోట్లున్నాయి. రోము చూపిస్తామని చెప్పి ఓడను కట్టేది చివితవెక్కియాలో. రోము అక్కడికి డెబ్బై కిలోమీటర్ల పైనే. అక్కడ కూడా రైలుంది కానీ నడక మాట ఎత్తకూడదు. కొన్ని చోట్ల ఓడ దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు దింపుతారు. ఆ పడవల వరుస కూడా లెక్కలో వేసుకోవాలి. బొగ్గు, కంటైనర్లు దించే సరుకు రేవులో ఓడ కడితే ఆవరణలో నడవనివ్వరు. గేటు దాకా వాళ్ళ బస్సే దిక్కు. నేను వద్దనేది గేటు దాటాక ఎక్కే బస్సును.

సరుకు రేవు మాట వచ్చింది కాబట్టి మన తీరం దగ్గరకు వద్దాం. నెల్లూరు నుంచి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో కృష్ణపట్నం ఉంది. 2008 నుంచి పనిచేస్తున్న పెద్ద లోతైన రేవు. మా ఊళ్ళో చాలామంది దాన్ని దూరం నుంచి తప్ప చూడలేదు. ముత్తుకూరు రోడ్డులో లారీల వెనక పోవడమే మాకు దానితో ఉన్న పరిచయం. ఒక విహార నౌక దారితప్పి అక్కడికి వచ్చిందనుకోండి. దిగినవాడు ఎటు నడుస్తాడు? బొగ్గు గుట్టలు, పొగగొట్టాలు, లారీలు. దీనికి ఆ రేవును తిట్టే పని లేదు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ నుంచి హూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 ఇనప పెట్టెలతో, అంటే కంటైనర్లతో, బయలుదేరింది. ఆ నాటి నుంచి రేవుకు మనుషుల కన్నా స్థలం ముఖ్యమైంది. పెట్టెలు పేర్చడానికి వందల ఎకరాలు కావాలి, లోతు నీళ్ళు కావాలి, హైవే కావాలి. ఇవన్నీ ఊరి మధ్యలో దొరకవు. ప్రపంచమంతటా రేవులు ఊళ్ళను వదిలి దూరంగా పోయాయి. శాన్ హువాన్ లాంటి చోట ఊరి మధ్యన మిగిలిన పాత రేవులు విహార నౌకలకు పనికొచ్చాయి. మనకు అలా మిగలలేదు.

మిగలలేదంటే అసలు లేవని కాదు. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలోకి పోయిన మోటుపల్లి సంగతి చూడండి. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. పదమూడో శతాబ్దం చివర మార్కో పోలో రాసిన ముత్ఫిలీ ఇదే. అక్కడి గుడిలో గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారని, తాను నియమించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో మాట ఇచ్చాడు. ధనం ప్రాణం కన్నా ఎక్కువనుకుని సముద్రం దాటే సాహసం చేసేవాళ్ళ మీద దయతో ఇస్తున్నానని కారణం కూడా రాయించాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. శాన్ హువాన్ ద్వారం దగ్గర నుంచి చర్చికి వేసిన వీధి చూసినప్పుడు నాకు ఈ శాసనమే గుర్తుకొచ్చింది. రెండూ ఓడ దిగినవాడి భయం తెలిసినవాళ్ళు చేసినవి. పాత నెల్లూరు జిల్లా దుగరాజపట్నం కూడా అలాంటి పాత రేవే. ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఆర్మగాన్ పేరుతో స్థావరం పెట్టుకున్నారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి పోయి చెన్నపట్నానికి స్థలం సంపాదించాడు. వర్తకం అటు పోయింది, మన ఒడ్డున ఇసుక మిగిలింది.

మన దగ్గర నడవడానికి ఏముందని అడిగేవాళ్ళకు నా జవాబు విశాఖ. అక్కడ క్రూజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. ఓడ రేవులోకి వచ్చే ముఖద్వారాన్ని ఆనుకునే మూడు చిన్న కొండలు ఉన్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఆ దాపునే కురుపాం మార్కెట్టున్న పాత ఊరు. అక్కడ దిగినవాళ్ళు రేవు గేటు దాటాక ఆటోలో పాత ఊరికి పోయి, ఆ పూటంతా కాలినడకన తిరగవచ్చు. బీచ్ రోడ్డూ, అరకూ మరోసారి రైల్లో వచ్చి చూసుకోవచ్చు. చెన్నైలో అయితే ఆటో కూడా అక్కరలేదు. రేవు గేటుకు ఎదురుగానే జార్జిటౌన్. చెన్నైలో ఓడ ఎక్కబోయే నెల్లూరువాళ్ళు ఒక పూట ముందు రైలు దిగి ఆ వీధుల్లో తిరిగితే మొదటి రేవు ఊరు అదే అవుతుంది. అది మానేసి మధ్యాహ్నం దాకా ఏదో మాల్‌లో కూర్చుంటారు.

నెల్లూరులోనూ పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి, దాని చుట్టూ రంగనాయకులపేట, అవతల మూలాపేట, సంతపేట, చిన్నబజారు, ఇవన్నీ నడకకు కుదిరిన పాత పేటలే. రైల్వేస్టేషనులో దిగిన కొత్త మనిషి గుడి గాలిగోపురం దాకా నడిచి పోవచ్చు, దూరం అంత ఎక్కువేమీ కాదు. పోనిచ్చేది లేదు. కాలిబాట ఉన్నచోట బండి పెడతారు, బండి లేనిచోట గొయ్యి ఉంటుంది. పర్యాటకం అనగానే కొత్త హోటళ్ళు, కొత్త బోటింగు అని మాట్లాడే పెద్దలు ఆ మూడు నాలుగు వీధుల అంచులు సరిచేసి, అక్కడక్కడా నీడకు చెట్టు, కూర్చోవడానికి అరుగు పెడితే చాలు. దానికి టెండర్లు పెద్దవి ఉండవు కాబట్టే ఎవరికీ పట్టదేమో అని నా అనుమానం.

ఈ మధ్య పక్కింటి వదిన చెన్నై నుంచి ఓడ ఎక్కబోతూ ఏమేమి సర్దుకోవాలని అడిగింది. పట్టుచీరల గురించి అడిగిందని తెలుసు, నేను చెప్పినవి వేరు. కొత్త బూట్లు వద్దు, నెల రోజులు తొడిగి అరిగినవి కావాలి. గొడుగు, నీళ్ళ సీసా, ఓడ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కాగితం, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ముందే ఫోనులోకి దించుకున్న పటం. ఓడ కట్టిన రేవు పేరు ఒక చీటీ మీద. మీ చేతిలో ఎన్ని గంటలున్నాయో చూసుకుని, అందులో సగం అవగానే, ఎంత బాగున్నా సరే, ఓడ వైపుకు మళ్ళాలి. వెళ్ళిన దారిన కాకుండా పక్క వీధిలో రండి, అప్పుడు తిరుగు నడక కూడా చూడటమే అవుతుంది.

చేతి గడియారం తప్పనిసరి. ఫోను ఒడ్డెక్కగానే అక్కడి సమయానికి మారిపోతుంది, ఓడ మాత్రం తన సమయం ప్రకారమే బయలుదేరుతుంది. రెండూ ఒకటి కాకపోవచ్చు. శాన్ హువాన్‌లో గడియారాలు ఏడాది పొడుగునా మారవు. ఫ్లోరిడాలో వేసవికి ఒక గంట ముందుకు జరుపుతారు. అందుకని ఎండాకాలంలో రెండు చోట్లా ఒకే సమయం, చలికాలంలో శాన్ హువాన్ గంట ముందుంటుంది. దిగేముందు ఓడ గోడ మీది గడియారం చూసి చేతిదాన్ని దానికి సరిపెట్టుకుని, సాయంత్రం దాకా ఫోనులో టైము చూడకుండా ఉండండి.